పన్నుల వకీలు దగ్గర జూనియర్ కావడం ఎట్లా?

(బి.యస్సి. ఆఖరు సంవత్సరం విద్యార్థి)

సైన్సు విద్యార్థి సావనీరుకు వ్యాసం రాస్తే అణుశక్తి గురించో, అంతరిక్షయానం గురించో రాయడం మన ఆనవాయితీ. నేను రాస్తున్నది వకీలు వృత్తి గురించి, అందులోనూ పన్నుల వకీలు గురించి. "పత్తి పండించే ఇంట్ల పుట్టినోనికి ఆదాయపు పన్నుతోని ఏం పనిరా?" అని మిత్రులు నవ్వవచ్చు. 2025 దాకా నేనూ నవ్వేవాణ్ణే. ఆ ఏడు మా ఇంటికి ఒక నోటీసు వచ్చింది. అప్పటి నుంచి నాకు నవ్వు రాలేదు.

నోటీసు కథ

మాది జమ్మికుంట పక్కన ఒక పల్లె. 2021లో మా బాపు రోడ్డు వైపు ఉన్న 30 గుంటల చెలక 36 లక్షలకు అమ్మిండు. అందులో 20 లక్షలు పెట్టి ఆరు నెలల్లోనే ఇంకా లోపలి ఊర్లో ఎకరం పది గుంటలు కొన్నడు. మిగిలింది అక్క పెండ్లికి, అప్పులకు పోయింది. ఇంతవరకు మన దిక్కు ఏ రైతు ఇంట్లోనైనా జరిగే ముచ్చటే.

సెలవులకు కాజీపేటలో రైలెక్కి ఇంటికి పోయిన నాకు బాపు ఫోనులో ఒక మెసేజి కనబడింది. ఇంగ్లీషులో ఉందని, బ్యాంకోళ్ల ప్రకటన అనుకొని ఆయన దాన్ని పట్టించుకోలేదు. అది ఆదాయపు పన్ను శాఖది. పాత లెక్కలు తిరిగి తెరుస్తున్నామని, ఆ సంవత్సరపు రిటర్ను వేయమని దాని సారాంశం. గడువుకు పన్నెండు రోజులు మిగిలి ఉన్నయి.

"సాగు భూమికి పన్నేందిరా? మనం ఏం దొంగతనం చేసినమా?" అన్నడు బాపు. ఆయన కోపం న్యాయమైనదే కాని, సగమే నిజం. మిగతా సగం తెలుసుకునే సరికి నాకు ఒక కొత్త శాస్త్రం పరిచయమైంది.

సాగు అంటే ఏమిటి?

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో వ్యవసాయ ఆదాయానికి మినహాయింపు ఉన్నది. వ్యవసాయ ఆదాయంపై పన్ను వేసే అధికారాన్ని మన రాజ్యాంగం రాష్ట్రాల జాబితాలో పెట్టింది. కనుక పత్తి అమ్మితే, వడ్లు అమ్మితే వచ్చిన డబ్బుపై కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. అయితే వ్యవసాయం అంటే ఏమిటి? మనకు ఇది ప్రశ్నలాగే అనిపించదు. సుప్రీంకోర్టు మాత్రం 1957లో రాజా బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో దీని మీద సుదీర్ఘమైన తీర్పు రాసింది. ఆ జమీందారు అడవిలో చెట్లు అమ్మి, అది వ్యవసాయ ఆదాయమే అన్నడు. కోర్టు చెప్పిన సూత్రం సులువైనది. భూమిని దున్నడం, విత్తడం, నాటడం వంటి మొదటి పనులు ఉండాలి. కలుపు తీయడం, కాపాడటం, కోయడం వాటి తర్వాత వచ్చే పనులు. మొదటివి లేకుండా రెండోవి ఒక్కటే ఉంటే వ్యవసాయం కాదు. తనంతట తాను మొలిచిన అడవికి ఎంత కాపలా కాసినా అది సాగు కాదన్న మాట.

ఇది చదివినంక నాకు మన ప్రాంతమంతా ప్రశ్నలే కనబడ్డయి. తునికి ఆకు తనంతట తాను మొలుస్తుంది, మనం మోడు కొడతాము, ఆకు తెంపుతాము. మరి అది సాగేనా? పట్టుపురుగుకు వేసే మల్బరీ ఆకు సాగే, కాని ఆ ఆకు తిన్న పురుగు అల్లిన పట్టుకాయ సాగు కాదని సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. నారుమడిలో పెంచిన మొక్కల ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగానే చూడాలని 2008లో పార్లమెంటు చట్టంలో వివరణ చేర్చింది. మన హుజూరాబాద్, జమ్మికుంట దిక్కు కంపెనీలకు ఆడ-మగ వరి విత్తనం పండించే రైతులు ఎందరో ఉన్నరు. రైతుకు వచ్చేది సాగు ఆదాయమే, మరి ఆ విత్తనం తీసుకొని శుద్ధి చేసి అమ్మే కంపెనీకి వచ్చేది ఏ ఆదాయం? ఇలాంటి తగాదాలు ట్రిబ్యునళ్ల దాకా, హైకోర్టుల దాకా పోయినయి. వృక్షశాస్త్రం చదివినవానికి పన్ను చట్టంలో ఇంత పని ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

దూరం, స్థానభ్రంశం

మరి మా బాపు అమ్మింది పంట కాదు, భూమి. ఇక్కడ లెక్క మారుతుంది. పల్లెటూరి సాగు భూమి అమ్మితే మూలధన లాభపు పన్ను లేదు. కాని ఆ భూమి మునిసిపాలిటీ హద్దులో ఉన్నా, హద్దుకు దగ్గర్లో ఉన్నా పన్ను ఉంటుంది. ఎంత దగ్గర అన్నది జనాభాను బట్టి: పట్టణ జనాభా పది వేలు దాటి లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల లోపు ఉంటే 6, పది లక్షలు దాటితే 8.

జమ్మికుంట ఇప్పుడు మునిసిపాలిటీ. దాని జనాభాకు 2 కిలోమీటర్ల లెక్క వర్తిస్తుంది. బాపు మోటారు సైకిలు మీటరు చూసి "రెండున్నర కిలోమీటర్లున్నది, మనకు పన్ను లేదు" అన్నడు. నాకూ సంతోషమైంది. కాని చట్టంలో ఒక మాట ఉన్నది: దూరాన్ని గగనమార్గంలో కొలవాలి. 2013 నాటి సవరణతో వచ్చిన మాట ఇది. అంతకు ముందు రోడ్డు దూరమా, తిన్నని దూరమా అని కోర్టుల్లో వాదాలు నడిచేవి.

మిత్రులారా, ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరంలో మనకు చెప్పిన పాఠం యాది చేసుకోండి. నడిచిన బాట పొడవు దూరం, మొదలు నుంచి చివరికి గీసిన సరళరేఖ స్థానభ్రంశం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. మా బాపు కొలిచింది దూరం, చట్టం అడిగేది స్థానభ్రంశం. పటం మీద గీత గీసి చూస్తే అది 1.8 కిలోమీటర్లు. నా ఫిజిక్సు మమ్మల్ని గెలిపిస్తుందనుకుంటే ఓడగొట్టింది!

36 లక్షల రిజిస్ట్రేషన్ సంగతి శాఖకు ఎట్లా తెలిసింది అని మీరు అడగవచ్చు. 30 లక్షలు, అంతకు మించిన స్థిరాస్తి లావాదేవీల వివరాలు రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఏటా ఆదాయపు పన్ను శాఖకు పోతయి. దీంట్లో మర్మమేమీ లేదు. మర్మమంతా రైతుకు ఈ సంగతి ముందుగా చెప్పేవారు లేకపోవడంలోనే ఉన్నది.

మూడు ప్రశ్నలు

టౌనులో ఫారాలు నింపే ఒకాయన "మొత్తం 36 లక్షల మీద కట్టాల్సిందే, నేను మాట్లాడుత" అని ముందుగా పదివేలు అడిగిండు. బాపు ఇచ్చేటోడే. నేను ఆపి హనుమకొండలో ఒక పన్నుల వకీలు ఆఫీసుకు తీసుకపోయిన. పెద్ద వకీలు సారు హైకోర్టుకు పోయిండ్రు. అక్కడ ఉన్నది ఆయన జూనియర్, నాకన్నా ఆరేడేండ్లు పెద్దదైన ఒక అక్క. ఆమె మూడే మూడు ప్రశ్నలు అడిగింది.

"అమ్మే ముందు రెండేండ్లు ఆ చెలకల పంట ఏసిండ్రా? పహాణీల ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా. పత్తి ఏసిన."

"2001ల ఆ భూమి ధర ఎంతుండె?"

"మొత్తం కలిపి లక్ష రూపాయలుండచ్చు."

"అమ్మినంక ఆ పైసలతోని ఏం చేసిండ్రు?"

బాపు కొత్త భూమి సంగతి చెప్పంగనే ఆ అక్క ముఖం విప్పారింది. పాత చట్టంలో 54బి అనే సెక్షన్ ఉన్నది. సాగులో ఉన్న భూమి అమ్మిన రైతు రెండేండ్ల లోపల మళ్లీ సాగు భూమి కొంటే, కొన్న ధర మేరకు లాభంపై పన్ను ఉండదు. ఆ కొత్త భూమిని మూడేండ్ల దాకా అమ్మరాదు, అమ్మితే మినహాయింపు పోతుంది.

లెక్క ఆమె కాగితం మీద వేసి చూపించింది. 2001 నాటి లక్ష రూపాయలను ధరల సూచితో పెంచితే 2021-22 సంవత్సరానికి 3 లక్షల 17 వేలు. 36 లక్షల్లోంచి అది తీసేస్తే లాభం 32 లక్షల 83 వేలు. కొత్త భూమి 20 లక్షలు తీసేస్తే మిగిలింది 12 లక్షల 83 వేలు. వేరే ఆదాయం లేదు కనుక మొదటి రెండున్నర లక్షలకు పన్ను లేదు. మిగతా దానిపై 20 శాతం, దానిపై 4 శాతం సెస్సు, వెరసి సుమారు 2 లక్షల 15 వేలు. వడ్డీ అదనం. ఆ ఒక్క సెక్షన్ వల్ల మాకు తగ్గింది 4 లక్షల 16 వేలు. మేము జవాబే ఇవ్వకుంటే అధికారి తనకు దొరికిన సమాచారంతోనే లెక్క కట్టి ఆర్డరు వేసేవారు.

ఆ 2 లక్షల 15 వేలు కూడా మాకు తక్కువేం కాదు. అవ్వ పుస్తెలతాడు కుదువ పెట్టి కట్టినం. కాని కొత్త భూమి నిలిచింది. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే బాపు అన్న మాట ఇది: "గా పిల్ల మన తెలుగులనే చెప్పింది గదరా!" ఆ మాట నన్ను వదలలేదు. మరునాడు నేనొక్కణ్ణే వెళ్లి ఆమెను అడిగిన: అక్కా, మీరు ఈ పనిలోకి ఎట్లా వచ్చిండ్రు?

ఇంగ్లండులో బారిస్టరు శిక్షణ

ఆమె చెప్పింది, నేను చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను. ముందు ఇంగ్లండు సంగతి, ఎందుకంటే మన వకీలు గది పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. అక్కడ బారిస్టరు కావాలంటే లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అనే నాలుగు సంస్థల్లో ఒకదానిలో సభ్యత్వం తీసుకోవాలి. గాంధీజీ ఇన్నర్ టెంపుల్, అంబేద్కర్ గ్రేస్ ఇన్. బార్ కోర్సు పాసయినాక ఒక ఏడాది ప్యూపిలేజి, అంటే అనుభవజ్ఞుడైన బారిస్టరు వెంట శిష్యరికం. మొదటి ఆరు నెలలు చూసి నేర్చుకోవడం, తర్వాతి ఆరు నెలలు గురువు కనుసన్నల్లో సొంతంగా కేసులు చేయడం.

లండనులో కేవలం పన్నుల కేసులే చేసే ఛాంబర్లు ఉన్నయి. పంప్ కోర్ట్ టాక్స్ ఛాంబర్స్, గ్రేస్ ఇన్ టాక్స్ ఛాంబర్స్ వాటిలో పేరున్నవి. మాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమంటే, అక్కడ లా డిగ్రీ లేని పట్టభద్రులు కూడా ఒక మార్పిడి కోర్సు చేసి రావచ్చు. గణితం చదివినవారైనా, చరిత్ర చదివినవారైనా సరే. దరఖాస్తుకు ముందు కొద్ది రోజులు ఛాంబరులో కూర్చొని పని చూసే అవకాశం ఇస్తరు. చట్టంలోని ఒక భాగం చేతికిచ్చి దానిపై అభిప్రాయం రాయమనడం, ఇంటర్వ్యూలో ఆ అభిప్రాయాన్ని ప్రశ్నలతో పరీక్షించడం అక్కడి పద్ధతి. శిష్యునికి ఇంత తగ్గకుండా భృతి ఇవ్వాలన్న నియమం కూడా ఉన్నది.

మన దగ్గరి తోవ

ఒకప్పుడు మన దేశంలోనూ బారిస్టరు, వకీలు, ప్లీడరు అని అంతస్తులుండేవి. రాజమండ్రిలో ప్లీడరుగా ఉన్న టంగుటూరి ప్రకాశం గారు ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చినాకే మద్రాసు హైకోర్టులో వెలిగినారు. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ఆ అంతస్తులను తీసివేసింది. ఇప్పుడు అందరూ అడ్వొకేట్లే, వారిలో సీనియర్ అడ్వొకేట్లు అని ఒక తరగతి మాత్రం ఉన్నది. జమ్మికుంట పిల్లవాడు సముద్రం దాటనక్కరలేదు.

తోవ ఇది. ఏ డిగ్రీ అయినా 45 శాతం మార్కులతో పాసయినవారు (వెనుకబడిన తరగతులకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40) లాసెట్ రాసి మూడేండ్ల ఎల్.ఎల్.బి.లో చేరవచ్చు. డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉన్నవారూ రాయవచ్చు. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. అందులో 60 ప్రశ్నలు చట్టం చదివే అభిరుచి మీద, మిగతావి సామాన్య జ్ఞానం, వర్తమాన విషయాల మీద. తెలుగులోనూ రాయవచ్చు. కాకతీయ యూనివర్సిటీ లా కాలేజి సుబేదారిలోనే ఉన్నది.

ఎల్.ఎల్.బి. అయినంక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఇంతకు ముందు దీనికి వేలకు వేలు గుంజేవారు. చట్టంలో రాసిన 750 రూపాయలకు (ఎస్సీ, ఎస్టీలకు 125) మించి తీసుకోరాదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పు చెప్పింది. పేదింటి పిల్లలు ఈ తీర్పును గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత అఖిల భారత బార్ పరీక్ష. ఇదీ తెలుగులో రాయవచ్చు.

ఇక శిక్షణ. ఇంగ్లండులో వలె తప్పనిసరి శిష్యరికం మన దగ్గర లేదు. బార్ కౌన్సిల్ 1995లో ఒక ఏడాది శిక్షణ నియమం పెడితే, అట్లా పెట్టే అధికారం లేదని సుప్రీంకోర్టు 1999లో కొట్టివేసింది. అయినా సీనియర్ దగ్గర పని నేర్చుకోకుండా వకీలు అయినవారు అరుదు. మన పక్కనున్న వంగర వాస్తవ్యులు పి.వి. నరసింహారావు గారు పుణేలో సైన్సు డిగ్రీ, నాగపూరులో లా చదివి, హైదరాబాదులో బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర జూనియరుగా చేరినారు. నానీ పాల్కీవాలా చదివింది ఇంగ్లీషు సాహిత్యం. బొంబాయిలో సర్ జంషెడ్జీ కాంగా ఛాంబరులో జూనియరుగా చేరి, 1950లో గురువుతో కలిసి ఆదాయపు పన్ను చట్టంపై వెలువరించిన పుస్తకం నేటికీ పన్నుల వకీళ్ల బల్ల మీద ఉంటుంది. ఆయన బడ్జెట్ ఉపన్యాసాలకు స్టేడియం నిండేది. కామర్సు చదవనివాడు పన్నుల్లో పనికి రాడన్న మాటకు ఇంతకన్న జవాబు అక్కర లేదు.

దరఖాస్తు ఎట్లా రాయాలి?

మన దగ్గర దీనికి ప్రకటన పడదు, ఫారం ఉండదు. ఉత్తరం రాసి, పోయి కలవాలి. ఆ అక్క చెప్పిన సలహాలు ఇవి.

ఒకటి, ఉత్తరం ఒక పేజీ దాటరాదు. "చిన్ననాటి నుంచి న్యాయమంటే ప్రాణం" అని రాస్తే చదివేవారికి నిద్ర వస్తుంది. ఏ కేసు చదివినావు, అందులో నీకు ఏది తప్పనిపించింది, ఎందుకు, అన్నది రాయాలి.

రెండు, ఒక తీర్పును రెండు పేజీల్లో కుదించి జత చేయాలి: జరిగిందేమిటి, ప్రశ్న ఏమిటి, కోర్టు ఏమన్నది, ఏ కారణంతో అన్నది. జూనియర్ చేసే పని సగం ఇదే. మిగతా సగం తేదీల పట్టిక రాయడం, కాగితాలు వరుస పెట్టడం, వాయిదాలకు హాజరు కావడం.

మూడు, రానిది వచ్చునని చెప్పరాదు. పన్ను చట్టంలో "మరియు"కు, "లేదా"కు మధ్య లక్షల రూపాయలు ఉంటయి. తెలియదని చెప్పి వెతికి తెచ్చేవాడే అక్కడ నిలుస్తడు.

నాలుగు, మన బలం మనం చెప్పుకోవాలి. పహాణీ చదవడం, పాసుబుక్కు చూడడం, గుంటల లెక్క, మార్కెట్లో తక్‌పట్టి, ఇవి పట్నం పిల్లలకు పుస్తకంలో దొరకవు.

ఐదు, డబ్బు సంగతి సిగ్గుపడకుండా అడగాలి. పట్టణాల్లో జూనియర్లకు నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే, శాసనం కాదు. వకీలుగా నమోదైనవాడు పూర్తికాలపు జీతపు ఉద్యోగం చేయరాదన్న నియమం కూడా ఉన్నది. కనుక మొదటి రెండు మూడేండ్లు ఇంటి మీద ఆధారపడవలసి వస్తుందని తెలిసే దిగాలి.

పని మాత్రం కరువు కాదు. రిటర్నులు వేయడం, ట్రిబ్యునల్ ముందు వాదించడం చార్టర్డ్ అకౌంటెంట్లూ చేయవచ్చు, హైకోర్టులో మాత్రం అడ్వొకేటే నిలబడాలి. 2017లో జీఎస్టీ వచ్చింది, దాని అప్పిలేట్ ట్రిబ్యునల్ 2025 సెప్టెంబరులో మొదలైంది, తెలంగాణ బెంచికి చోటు హైదరాబాదే. అదే ఏడు పార్లమెంటు 536 సెక్షన్లతో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేసింది, 2026 ఏప్రిల్ 1 దాని అమలు తేదీ. అరవై ఏండ్ల నంబర్లు కంఠస్థం చేసిన సీనియర్లు కూడా సెక్షన్లు మళ్లీ మొదటి నుంచి చదవవలసిందే. ఒక రకంగా వారూ మనమూ ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు.

చివరి మాట

నేను లాసెట్ రాస్తానంటే మా ఇంట్లో అందరూ సంబురపడలేదు. బి.ఇడి. చేస్తే బడిలోనన్నా నౌకరి దొరుకుతదని అవ్వ ఆశ. మూడేండ్ల చదువు, ఆ పైన మూడేండ్ల జూనియర్‌గిరి అంటే ఆరు పత్తి పంటలు. పుస్తెలతాడు ఇంకా బ్యాంకులోనే ఉన్నది. ఈ సంగతి దాచి, వృత్తి గొప్పతనం ఒక్కటే రాస్తే అది మీకు చెప్పిన సలహా కాదు.

బాపు చాలా రోజులు ఏమీ అనలేదు. ఆర్డరు వచ్చిన నాడు, మా లెక్కనే ఒప్పుకున్నరని నేను చదివి చెప్పిన నాడు, ఆ కాగితం చేతిలో తిప్పి తిప్పి చూసి అన్నడు: "దీన్ని తెలుగుల రాసి పెట్టు. రేపు మన వాడకట్టుల ఇంకొకలకు వస్తది. అప్పుడు పనికొస్తది." దాన్నే నేను అనుమతి అనుకుంటున్న.

రాసి పెట్టిన. హాస్టలు మిత్రుల్లో నలుగురి ఇండ్లకు అప్పుడే ఆ కాగితం పోయింది. భూమి అమ్మే ఆలోచనలో ఉన్న తల్లిదండ్రులు మీకుంటే, రిజిస్ట్రేషను కంటే ముందు ఒకసారి పటం మీద గీత గీసి చూడమని చెప్పండి. బాట దూరం కాదు, తిన్నని గీత.